బండి దాదాపు అయిపోయింది, కాగితాలే లేవు

చీపురుపల్లి ప్రాంతం నుంచి ఒక పాఠకుడు ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు ముప్పై ఎనిమిది. ఫ్యాక్టరీలో ఫిట్టర్, షిఫ్టు డ్యూటీలు. భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు. రెండో తరగతి చదివే పాప. ఇంటి వెనక ఒకప్పటి పశువుల సాలని రేకుల షెడ్డుగా మార్చుకుని, రెండేళ్లుగా అక్కడ ఆయన సొంతంగా ఒక మోటారు సైకిల్ కడుతున్నారు.

రాజాంలో మూసేస్తున్న ఒక గ్యారేజీ నుంచి పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 ఇంజన్ కొన్నారు. ఫ్రేము విజయనగరంలో ఒక పాత ఇనుము కొట్టులో దొరికింది. ముందు చక్రం, ఫోర్కులు గాజువాక ఆటోనగర్ నుంచి తెచ్చారు. ఎవరి దగ్గరో పడి ఉన్న యెజ్డీ బండి పెట్రోలు ట్యాంకుకి టింకరింగ్ చేయించి కూర్చోబెట్టారు. సీటు కిందకి దిగాలని ఫ్రేము వెనక భాగం కోయించి, గేట్లు, గ్రిల్స్ చేసే షాపులో కొత్త పైపు వెల్డింగ్ పెట్టించారు. మొన్న ఇంజన్ స్టార్ట్ అయింది. "ఆ దుడ్ దుడ్ విన్నప్పుడు కళ్లమ్మట నీళ్లొచ్చాయి" అని రాశారు.

ఇక కష్టం సంగతి. ఇప్పటికి తొంభై రెండు వేలు అయింది. భార్యకి చెప్పింది ముప్పై ఐదు. మిగతాదాంట్లో నలభై వేలు ఆవిడ డ్వాక్రా సంఘంలో ఇంటి శ్లాబు మరమ్మతుకని తీసుకున్న లోను. ఫోనులో పేమెంట్ల లెక్క ఆవిడ కంట పడింది. అప్పటి నుంచి మూడు వారాలుగా ఇంట్లో మాటల్లేవు. ఈలోగా విశాఖలో ఉండే బామ్మర్ది బండి చూసి ముచ్చటపడి, "నాకిచ్చేయ్ బావా, లక్షన్నర ఇస్తా" అని పాతిక వేలు అడ్వాన్సు చేతిలో పెట్టాడు. పైడితల్లమ్మ సిరిమాను పండక్కి ఆ బండి మీదే విజయనగరం రావాలని అతని సరదా. ఆ పాతిక వేలూ టైర్లకీ పెయింటుకీ అయిపోయాయి. ఫ్రేముకి కాగితాలు లేవు. ఒక స్నేహితుడు, "తుక్కైపోయిన బుల్లెట్ సీ-బుక్కు ఒకటి కొందాం, ఆ నంబరు దీని మీద కొట్టిస్తే సరి, నాకు తెలిసిన ఏజెంటున్నాడు" అంటున్నాడు.

ఆయన అడిగింది ఇది: "తాగను, పేకాడను. ఖాళీ దొరికితే ఈ పనే. దీని విలువ మా ఆవిడకి ఎలా చెప్పాలి? నేను చేసింది తప్పా?"

*

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏడు పేజీల్లో నాలుగు ఇంజన్ గురించే ఉన్నాయి. బోరు ఎందుకు తీయించారు, ఏ సైజు పిస్టన్ వేశారు, నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల గ్యాప్ ఎలా సరిచేశారు, అన్నీ వివరంగా రాశారు. చదువుతుంటే ముచ్చటేసింది. డెబ్బై మిల్లీమీటర్ల బోరు, తొంభై మిల్లీమీటర్ల స్ట్రోకు ఉన్న ఆ పాత ఇంజన్ తయారీ 2010 ప్రాంతంలోనే ఆగిపోయింది. అలాంటిదాన్ని నట్టు నట్టూ విప్పి, కడిగి, మళ్లీ ప్రాణం పోయడం చిన్న పనేమీ కాదు. మీ చేతిలో పని ఉంది, అనుమానం లేదు.

అయితే ఐదో పేజీ చివర ఒకే ఒక్క వాక్యం రాసి దాటేశారు: "ఫ్రేముకి కాగితాలు లేవు గానీ అది తర్వాత చూసుకోవచ్చు." ఆరో పేజీలో, మీ ఆవిడ సాధింపులకి ఉదాహరణగా, ఫ్రేము ఇంటికొచ్చిన రోజు ఆవిడ అన్న మాట రాశారు: "ఇంత పెట్టి కొన్నారు, దీనికి కాగితాలేవి?" ఆ మాటకి మీకు కోపం వచ్చిందట. రేపు రోడ్డు మీద బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి ఆపితే మొట్టమొదట అడిగేది కూడా అదే. బండి గురించి ఏమీ తెలియదని మీరనుకునే మనిషి మొదటి రోజే అసలు పాయింటు పట్టుకున్నారు. ఆ ప్రశ్నకి జవాబు ఏమొస్తుందోనన్న భయంతోనే మీరు రెండేళ్లు ఇంజన్ పని చేసుకుంటూ గడిపారేమో, ఒకసారి ఆలోచించండి.

మన దేశంలో బండి అంటే చట్టం దృష్టిలో ఛాసిస్ నంబరూ (అంటే ఫ్రేము మీద కొట్టి ఉండేది) ఇంజన్ నంబరూ. సీ-బుక్కు ఆ రెండింటితోనే ముడిపడి ఉంటుంది. విడి భాగాలతో ఇంట్లో చేసిన బండికి కొత్తగా రిజిస్ట్రేషన్ తెచ్చుకోవాలంటే, పెద్ద కంపెనీ కొత్త మోడల్ తెచ్చినప్పుడు చేయించినట్టే పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థలో పరీక్షలు చేయించి ఆమోదం పొందాలి. 2020 ఏప్రిల్ నుంచి కొత్త బండి వదిలే పొగ బీఎస్-6 కాలుష్య ప్రమాణాలకి సరిపోవాలి. 125 సీసీ దాటితే ఏబీఎస్, అంటే బ్రేకు గట్టిగా వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, ఉండాలి. కార్బురేటర్‌తో, పాయింట్లతో నడిచే మీ ఇంజన్‌కి ఆ తలుపు తెరుచుకోదు. ఎవరైనా "మేనేజ్ చేద్దాం" అంటే నమ్మకండి.

ఇక మీ స్నేహితుడి ఉపాయం. దీని మీద మాత్రం నాది ఒకటే మాట: వద్దు. ఒక బండి నంబరు ఇంకో ఫ్రేము మీద కొట్టించడం ఫోర్జరీ. దొంగ బండ్లు అమ్మేవాళ్లు చేసే పనీ అదే, పట్టుబడితే మిమ్మల్ని చూసేదీ ఆ కంటితోనే. పైగా మీ ఫ్రేము ఎక్కడిదో మీకే తెలియదు. హ్యాండిల్ కింద మెడ దగ్గర నంబరు "సగం అరిగిపోయి ఉంది" అని రాశారు. తుప్పుకి అరిగిందా, ఎవరైనా గ్రైండర్ పెట్టారా? తుప్పయితే చుట్టూ ఉన్న ఇనుము కూడా అలాగే గుంటలు పడి ఉంటుంది. నంబరు ఉన్న చోట మాత్రమే నున్నగా, పల్లంగా ఉంటే అది తుప్పు పని కాదు. పెయింటు ఆరేలోపు పట్టపగటి వెలుతురులో ఒకసారి చూడండి. అనుమానం వస్తే ఆ ఫ్రేము మీద ఇక రూపాయి కూడా పెట్టకండి. కొట్టువాడి దగ్గరికి వెళ్లి, ఇది ఎవరి దగ్గర కొన్నావని అడిగి, రాసిమ్మనండి. రాసిస్తే మంచిదే. నీళ్లు నమిలితే, ఒక వకీలుతో మాట్లాడి, విషయం మీ అంతట మీరే స్టేషన్లో చెప్పడం మేలు. ఫ్రేము పోతుంది, అది ఖాయం. కానీ తెలిసీ దొంగ సొత్తు దాచుకున్నాడన్న మాట మీ మీదకి రాదు.

ఫ్రేము మంచిదే అనుకుందాం. అప్పుడు మీ ముందు కొన్ని దారులున్నాయి. ఏ దారిలోనూ డబ్బు పూర్తిగా మిగలదు, ముందే చెప్తున్నాను.

కాగితాలు సరిగ్గా ఉన్న ఒక పాత బుల్లెట్‌ని యజమాని నుంచే కొని, ఆ ఫ్రేము, ఆ ఇంజన్ మీద మీ పనితనం చూపించడం ఒక దారి. మీరు బాగుచేసిన ఇంజన్ లోపలి సామాను, చక్రాలు, ఫోర్కులు చాలావరకు దానికి పనికొస్తాయి. మీ ఇంజన్ మొత్తంగా అందులో పెట్టాలంటే మాత్రం ముందుగా రవాణా కార్యాలయం అనుమతి తీసుకోవాలి, ఆ ఇంజన్ ఎక్కడిదో బిల్లు చూపించాలి. రాజాం గ్యారేజీ ఆయన ఇంకా ఊళ్లోనే ఉంటే, ఇంజన్ నంబరు వేసి ఒక రసీదు ఇప్పుడే రాయించుకోండి. షాపు మూసేశాక మనిషి ఏ ఊరు పోతాడో ఎవరికి తెలుసు. కొనే బండి పదిహేనేళ్లు దాటిందయితే సీ-బుక్కు రెన్యువల్ అయిందో లేదో చూడండి, ఆ తర్వాత ఐదేళ్లకోసారి చేయించాలి. ఫైనాన్స్ బాకీ, పాత చలాన్లు ఉన్నాయేమో చూడండి. యజమాని చనిపోయి ఉంటే ముందు వారసుల పేరు మీదకి మారాలి. మనకి పక్కనే కాబట్టి పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి చవకగా వస్తాయి. అక్కడి రవాణా కార్యాలయం అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం, ఎన్‌ఓసీ, లేకుండా ఒడిశా నంబరు బండి ముట్టుకోవద్దు, మళ్లీ ఇదే గొడవ.

ఈ దారిలో మీ మనసుకి కష్టం కలిగించేది ఒకటుంది. ఆ బండి ఫ్రేము మీరు కోయకూడదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చి చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టం ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకీ ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. రంగు మారిస్తే సీ-బుక్కులో కూడా మార్పించుకోవాలి. అంటే ఆ కిందకి దిగిన సీటు, కురచ వెనక భాగం ఉండవు. చూడ్డానికి మామూలు పాత బుల్లెట్‌లాగే ఉంటుంది, కాకపోతే ఊళ్లో అందరికన్నా నున్నగా నడిచే బుల్లెట్ అవుతుంది. మీకు కావలసింది ఆ ఆకారమా, ఆ పనా? ఆకారమే అయితే ఈ దారి మీకు తృప్తినివ్వదు.

ఉన్నదాన్ని ఉన్నట్టే పూర్తి చేసి, రోడ్డెక్కించకుండా ఉంచుకోవడం ఇంకో దారి. షెడ్డులో స్టాండు మీద నిలబెట్టి స్టార్ట్ చేసుకుంటారు, వచ్చినవాళ్లకి చూపిస్తారు. ఇందులో నేరం లేదు. అయితే "ఒక్క రౌండు మన వీధిలోనే" అనకూడదు. జనానికి వెళ్లే హక్కున్న ఏ చోటైనా చట్టం దృష్టిలో పబ్లిక్ ప్లేసే. మీ వీధి, చెరువు గట్టు, చింతపల్లి బీచ్ దగ్గరి రోడ్డు, అన్నీ. రిజిస్ట్రేషన్ లేని బండికి ఇన్సూరెన్స్ ఉండదు. ఎవరికైనా తగిలితే ఆ నష్టపరిహారం మీ జీతంలోంచే కట్టాలి. షెడ్డులో బండి పెట్టుకుని నడపకుండా ఉండగలిగే మనిషో కాదో మీకే తెలియాలి. మీ ఉత్తరం చూస్తే నాకంత నమ్మకం కలగడం లేదు, ఏమనుకోకండి.

చివరిది, విడదీసి అమ్మేయడం. కాస్ట్ ఐరన్ బుల్లెట్ సామానుకి గిరాకీ ఉంది. బాగుచేసిన ఇంజన్‌కి, రసీదు ఉంటే, మీరు పెట్టినదాంట్లో చెప్పుకోదగ్గ భాగమే రావచ్చు. పెయింటు, టింకరింగ్, వెల్డింగ్ కూలీ మాత్రం తిరిగి రావు. డ్వాక్రా బాకీ త్వరగా తీర్చాలంటే ఇదే దగ్గరి దారి, మనసుకి మాత్రం ఇదే కష్టం.

వీటిలో ఏది ఎంచుకున్నా వెల్డింగ్ సంగతి ఒకటి చెప్పాలి. నాకు యంత్రాల గురించి అంతంతమాత్రమే తెలుసు కాబట్టి, శ్రీకాకుళంలో బుల్లెట్లు మాత్రమే చూసే ఒక పెద్దాయనకి ఆ పేరా చదివి వినిపించాను. ఆయన ఇంజన్ గురించి ఒక్క మాట కూడా అడగలేదు. "గ్రిల్ షాపులో పెట్టించాడా?" అని మాత్రం అన్నాడు. పాత బుల్లెట్‌లో ముందు నుంచి దిగే గొట్టం ఇంజన్ దగ్గర ఆగిపోతుంది, ఇంజన్ కిందుగా పోదు. అంటే ఇంజన్ కూడా ఫ్రేములో భాగంగా బరువు మోస్తుంది. దాన్ని పట్టుకునే ప్లేట్లు, బోల్టులు, వెనక అతుకులు, వీటిలో ఏది వదులైనా ఆ భారం పక్కదాని మీద పడుతుంది. గ్రిల్ షాపు వెల్డింగ్ పైకి పూసలా అందంగానే ఉంటుందట. లోపలికి దిగిందో లేదో కంటికి తెలియదు. వంద కిలోమీటర్లు బాగానే తిరుగుతుంది, ఏదో ఒక గతుకులో అతుకు పక్కన వెంట్రుకంత పగులు మొదలవుతుంది. పెయింటు కింద అది కనపడదు. చైన్ లైను కొంచెం తప్పినా వెనక చక్రం ఒక పక్కకి లాగుతూనే ఉంటుందని కూడా చెప్పాడాయన.

ఇంకో మాట కూడా ఆయనే అన్నాడు, నాకు తట్టనిది. ఆ పాత బుల్లెట్లలో గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి ఉంటాయి. మీ బామ్మర్ది ఇప్పుడు నడిపేది కొత్త బండి, బ్రేకు కుడి కాలికి. భోగాపురం దగ్గర హైవే మీద ముందు లారీ సడన్‌గా ఆగితే అతని కాలు అలవాటు చొప్పున కుడివైపు తొక్కుతుంది. అక్కడ ఉండేది గేరు. ఇప్పుడు మొత్తం కలిపి చూడండి. కాగితాల్లేని బండి, ఇన్సూరెన్స్ లేదు, గ్రిల్ షాపు అతుకులు, తిరగేసిన బ్రేకు. దాని మీద తొలిసారి అంత దూరం వచ్చేది మీ ఆవిడ సొంత తమ్ముడు. మీకు తోచకపోయినా ఆవిడకి ఇదంతా తోచే ఉంటుంది. మూడు వారాల మౌనంలో డబ్బు కోపం సగమే అనుకుంటాను.

పాప గురించి మీరు మురిపెంగా రాసిన రెండు వాక్యాలు చూసి నేను ఉలిక్కిపడ్డాను. "వెల్డింగ్ అప్పుడు పక్కనే స్టూలు మీద కూర్చుంటుంది, ఆ రాత్రి కళ్లు మండుతున్నాయంది." వెల్డింగ్ మెరుపు వెలుగు కంటి పైపొరని కాలుస్తుంది, మంట కొన్ని గంటల తర్వాత మొదలవుతుంది. పాపని కంటి డాక్టరుకి చూపించకపోయి ఉంటే ఈ వారమే చూపించండి. ఇక వెల్డింగ్, గ్రైండింగ్ జరుగుతున్నంతసేపూ షెడ్డులోకి రానివ్వకండి. పెట్రోలు డబ్బా అదే షెడ్డులో ఉంచుతున్నారని కూడా రాశారు. ఖాళీ ట్యాంకయినా సరే, లోపల ఆవిరి ఉంటే నిప్పురవ్వ చాలు. డబ్బా ఈ రోజే బయట పెట్టండి. దీనికి దారులూ ఎంపికలూ లేవు.

ఇప్పుడు డబ్బు. తాగను, పేకాడను అన్నారు. మంచిదే. కానీ అది లెక్క చెప్పకపోవడానికి బదులు కాదు. డ్వాక్రా లోను ఆవిడ ఒక్కరిదీ కాదు, సంఘంది. ఒకరి కిస్తీ ఆగితే మిగతా ఆడవాళ్లందరికీ ఇబ్బంది. నెల మీటింగులో తలెత్తి కూర్చోవాల్సింది ఆవిడ. శ్లాబు కోసమని అందరి ముందూ చెప్పి తెచ్చిన డబ్బు మొగుడి షెడ్డులోకి పోయిందని తెలిస్తే, వచ్చేసారి అడగడానికి ఆవిడకి నోరెలా వస్తుంది? పైగా ఈ వానలకి శ్లాబు కారుతూనే ఉంది. మీ షెడ్డు మాత్రం కారడం లేదు కదా!

కాబట్టి మీ పని విలువ ఆవిడకి వివరించే ప్రయత్నం కొన్నాళ్లు మానుకోండి. తొంభై రెండు వేలకీ తేదీలవారీగా కాగితం మీద లెక్క రాయండి. బిల్లున్నదానికి బిల్లు జత చేయండి, లేనిదానికి లేదని రాయండి. బామ్మర్ది పాతిక వేలు కూడా కలపండి, బహుశా ఆవిడకి అదింకా తెలియదు. ఆ కాగితం చేతికిచ్చి, "ఇదీ లెక్క" అనండి చాలు. "కానీ" అని మొదలుపెట్టకండి. ఆవిడ అరవొచ్చు, ఏడవొచ్చు, ఏమీ అనకపోవచ్చు. ఏదయినా భరించండి. రెండో రోజో మూడో రోజో, పైన చెప్పిన దారులు ఆవిడ ముందు పెట్టి, ఏం చేద్దామని అడగండి. అడిగాక ఆవిడ చెప్పింది వినాలి మరి. అమ్మేయమంటే ఏం చేస్తారో ముందే ఆలోచించుకుని వెళ్లండి.

నలభై వేలు ఎలా తీరతాయో కూడా మీరే చెప్పాలి. ఓవర్‌టైం డబ్బు కొన్ని నెలలు నేరుగా ఆవిడ కిస్తీకి పోయేలా చూడండి. షెడ్డుకి ఇక నెలకింత అని ఒక హద్దు పెట్టుకుని, ఆ అంకె ఆవిడకి తెలిసేలా ఉంచండి. మీలాంటి చేతికి చుట్టుపక్కల పాత బుల్లెట్ల రిపేరు పని దొరక్కపోదు. ఆదివారాలు ఒకటి రెండు చేసినా ఖర్చు వెళ్లిపోతుంది. కొందరికి ఇష్టంగా చేసేది కూలి పనైతే విరక్తి వస్తుంది, మీ సంగతి మీరు చూసుకోండి.

తప్పా అని అడిగారు. బండి కట్టడం తప్పు కాదు. ముప్పై ఐదు అని చెప్పడం తప్పు, సంఘం డబ్బు అడక్కుండా వాడడం తప్పు. రెండూ సర్దుకోగలిగినవే.

బామ్మర్దికి మాత్రం పండగ దాకా ఆగకుండా ఇప్పుడే ఫోన్ చేయండి. మీ ఆవిడకి లెక్క చూపించిన తర్వాతే సుమా, ముందు కాదు. తమ్ముడి నోటి నుంచి తెలిస్తే రెండోసారి దాచినట్టవుతుంది. బండి రోడ్డెక్కదని, ఎందుకో కూడా చెప్పండి. ఫ్రేము, గేరు, ఇన్సూరెన్స్, అన్నీ. అలుగుతాడు, అలగనివ్వండి. పాతిక వేలు ఒక్కసారి ఇవ్వలేకపోతే ఆ కొత్త టైర్లు విప్పి అమ్మి కొంత ఇచ్చి, మిగతాది ఏ నెలలో ఎంతో చెప్పండి. సిరిమానుకి విశాఖ నుంచి ఆర్టీసీ బస్సులు బోలెడు, వాటిలో రమ్మనండి. పండగ రోజు విజయనగరంలో బండి పెట్టుకోవడానికి ఎలాగూ చోటు దొరకదు.